ఎన్‌బీడీ సర్వర్‌కి సిగ్‌టర్మ్ వచ్చాక ఏది ముందు మూయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో: సీలో సొంతంగా రాసిన ఎన్‌బీడీ సర్వర్ (డిస్క్‌ని నెట్‌వర్క్ మీద అందించేది), కనెక్షన్‌కో థ్రెడ్. సిగ్‌టర్మ్ (ఆగిపొమ్మనే సిగ్నల్) రాగానే దాని హ్యాండ్లర్‌లోనే సాకెట్లన్నీ క్లోజ్ చేస్తున్నారు. కొన్ని థ్రెడ్లు కదలవు, క్లయింట్‌కి చివరి జవాబులు అందవు, మళ్లీ స్టార్ట్ చేస్తే పోర్టు వాడకంలో ఉందంటుంది.

తప్పు ఆ క్లోజ్ దగ్గరే ఉంది. ఒక థ్రెడ్ రీడ్‌లో ఆగి ఉండగా ఇంకో థ్రెడ్ అదే ఎఫ్‌డీని (తెరిచిన ఫైలుకో సాకెట్‌కో ఉండే నంబరు) క్లోజ్ చేస్తే లినక్స్‌లో ఆ రీడ్ లేవదు. పైగా ఖాళీ అయిన నంబరు తర్వాతి ఓపెన్‌కి దక్కుతుంది. సాకెట్‌కని రాసిన జవాబు పోయి డిస్క్ ఇమేజ్ మొదట్లో పడిందనుకోండి, ఇక రోజంతా రిపేరే. ఏ థ్రెడ్ ఎఫ్‌డీని ఆ థ్రెడ్డే మూయాలి.

హ్యాండ్లర్‌లో ఒక ఈవెంట్‌ఎఫ్‌డీకి (థ్రెడ్లను లేపడానికి వాడే కౌంటర్ లాంటి ఎఫ్‌డీ) 1 రాసి బయటికి రండి, అంతే. ప్రింట్‌ఎఫ్, మ్యూటెక్స్ అక్కడ వద్దు. ప్రతి థ్రెడ్ తన సాకెట్‌తో పాటు ఆ ఈవెంట్‌ఎఫ్‌డీని కూడా పోల్ చేయాలి, అంటే రెండింట్లో ఏది సిద్ధమైనా లేచేలా ఎదురుచూడాలి. దాన్ని ఎవరూ రీడ్ చేయకపోతే అందరూ లేస్తారు. లేచాక దాన్ని పోల్ జాబితాలోంచి తీసేయండి, లేకపోతే సీపీయూ 100 శాతానికి పోతుంది.

యాక్సెప్ట్ థ్రెడ్ లేవగానే లిజనింగ్ సాకెట్ మూసేస్తుంది. మిగతావి చేతిలో ఉన్న రిక్వెస్టు పూర్తి చేయాలి. 28 బైట్ల హెడర్ చదివి, రైట్ డేటా సగంలో ఉంటే మిగతాది కూడా చదవాల్సిందే. ఆ తర్వాత వచ్చే రిక్వెస్టులకు ఈషట్‌డౌన్, అంటే ఎర్రర్ కోడ్ 108, జవాబివ్వండి.

చివరి జవాబు పంపాక వెంటనే క్లోజ్ చేయకండి. రిసీవ్ బఫర్‌లో చదవని బైట్లు మిగిలి ఉంటే కెర్నల్ ఆర్‌ఎస్‌టీ (కనెక్షన్‌ని అర్ధాంతరంగా తెంచే ప్యాకెట్) పంపుతుంది. క్లయింట్ ఇంకా చదవని జవాబులు దాంతో పోవచ్చు. మీ చివరి జవాబులు పోతున్నది బహుశా ఇందుకే. రాసే వైపు మాత్రం షట్‌డౌన్ చేసి, రీడ్ 0 ఇచ్చేదాకా, లేదా ఓ 5 సెకన్లు, వచ్చింది చదివి పారేసి, అప్పుడు క్లోజ్ చేయండి.

థ్రెడ్లన్నీ జాయిన్ అయ్యాకే ఇమేజ్ మీద ఎఫ్‌డేటాసింక్ (రాసిన డేటాను డిస్క్‌కి చేర్చే కాల్). అది తప్పు చూపిస్తే సున్నా కాని కోడ్‌తో బయటికి రండి. మళ్లీ పిలిస్తే సక్సెస్ అనొచ్చు, నమ్మకండి. ప్రాసెస్ చచ్చినంత మాత్రాన పేజ్ కాష్ (కెర్నల్ మెమరీలో ఉంచే ఫైలు డేటా) పోదు. పోయేది మీ సొంత బఫర్లే. కరెంటు పోతే మాత్రం రెండూ పోతాయి.

ఇదంతా సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపేది) సిగ్‌కిల్ (బలవంతంగా చంపే సిగ్నల్) వేసేలోపు ముగియాలి. డిఫాల్ట్ గడువు 90 సెకన్లు కాబట్టి మీ సొంత గడువు 60 పెట్టుకోండి. డాకర్‌లో అయితే 10 సెకన్లే, స్టాప్ టైమవుట్ పెంచాలి.

పోర్టు సమస్యకు బైండ్‌కి ముందు ఎస్‌ఓ రీయూజ్‌అడ్రస్ అనే సాకెట్ ఆప్షన్ పెడితే చాలు. ముందు మూసేది సర్వరే కనక టైమ్‌వెయిట్ (మూసిన కనెక్షన్‌ని కెర్నల్ కాసేపు గుర్తుంచుకునే దశ) దాని వైపే 60 సెకన్లు ఉంటుంది. యూనిక్స్ సాకెట్ అయితే ఆ ఫైలును అన్‌లింక్ చేయాలి.

ఎంత సవ్యంగా ఆపినా క్లయింట్‌లో ఆ డిస్క్ మీది ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్ మౌంట్ అయి ఉంటే ఐఓ ఎర్రర్లు తప్పవు. ముందు అక్కడ అన్‌మౌంట్, తర్వాత ఎన్‌బీడీ డిస్‌కనెక్ట్, ఆపైనే సర్వర్ స్టాప్.