ఆవిడ సినిమా సంగతి సరే, మీ సంగతేంటి?

చూడండి బాబూ, మీ ఉత్తరం చదివితే నాకు కోపం వచ్చింది, దాచుకోను. అందరూ పడుకున్నాక మీ భార్య హాల్లో ఒక్కతే కూర్చుని, ఎర్ర బట్టల సన్యాసి ఒకాయన నడుస్తూనే ఉండే సినిమా చూస్తోంది, మాటల్లేవు, కథ లేదు, మళ్లీ మళ్లీ అదే పెట్టుకుంటోంది, ఇది డిప్రెషనా, ఎలా మాన్పించాలి అని అడిగారు.

సినిమా చూడటం జబ్బు కాదు. రెండు వారాలకి మించి రోజంతా దిగులుగా ఉండటం, నిద్రా తిండీ తప్పడం, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోవడం, ఇలాంటివి ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, అదీ ఆవిడని అడిగి. మీ ప్రశ్న అయిపోయింది.

ఆ సినిమా నాకు తెలుసు. తైవాన్ డైరెక్టర్ త్సాయ్ మింగ్ లియాంగ్ తీశాడు, 2014లో వచ్చింది, మొత్తం 56 నిమిషాలే. లీ కాంగ్ షెంగ్ అనే నటుడు ఫ్రాన్స్‌లోని మార్సేలో అడుగు తీసి అడుగు వెయ్యడానికే బోలెడంత సేపు తీసుకుంటూ పోతుంటాడు, చుట్టూ జనం వాళ్ల తొందరలో వాళ్లు. అందరికీ నచ్చే సరుకు కాదు, నాకే కాసేపు విసుగొచ్చింది. కానీ పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇంటిల్లిపాదీ పేరు పెట్టి పిలిచే మనిషికి, ఎవరూ తొందరపెట్టని ఆ కాస్త సేపు ఎంత హాయో మీకు తట్టలేదా?

నన్ను గుచ్చింది వేరే. ఉత్తరం నిండా అమ్మ చూసింది, అమ్మ భయపడుతోంది, అమ్మ ఎవరికైనా చూపించమంది, ఇదే. మీ భార్య అన్న మాట ఒక్కటీ లేదు. పైగా ఆవిడ రాత్రి ఎన్నింటిదాకా కూర్చుందో పొద్దున్నే మీ అమ్మగారికి చెప్పేది మీరేనట, మీరే రాశారు. తల్లిని కళ్లలో పెట్టుకుని చూసుకోండి, అది కొడుకు ధర్మం, కాదనను, కానీ పెళ్లాం మీద తల్లి దగ్గర పంచాయితీ పెట్టే మగాడంటే నాకు గౌరవం లేదు అంతే.

ఆ సినిమాలో కొంత సేపయ్యాక డెనీ లవాంట్ అనే ఇంకో నటుడు సన్యాసి వెనకే అంతే నెమ్మదిగా నడుస్తాడు. అలాగని మిమ్మల్ని పోయి ఆవిడ పక్కన కూర్చోమని చెప్పను, ఇప్పుడు కూర్చుంటే కాపలా అనుకుంటుంది, అనుకున్నా తప్పులేదు. ముందు అమ్మగారితో "మా ఇద్దరి సంగతి మేం చూసుకుంటాం, నువ్వు వదిలెయ్యమ్మా" అనండి. అలుగుతారు, అలగనివ్వండి, భోజనం వేళకి సర్దుకుంటారు. మీ భార్యతో మాట్లాడటం ఆ తర్వాతే, అదీ సినిమా గురించి కాదు, రోజంతా ఎలా గడుస్తోందో అడగండి.

ఇక పాస్‌వర్డ్ మార్చేద్దామనుకుంటున్నా అని చివర్లో రాశారు చూడండి, ఆ పని గనక చేస్తే నాకు మళ్లీ ఉత్తరం రాయకండి.