సంతకం పెట్టకు చెల్లే

హన్మకొండ,
ఆదివారం రాత్రి

చెల్లే,

నిన్న ఫోన్లో నువ్వు అంత చెప్తుంటే నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను. అక్కకు కోపం వచ్చిందనుకున్నావేమో. నా గొంతు పట్టేసింది, అంతే. మరిది పోయిన ఈ ఆరేళ్లలో నీ గొంతులో ఆ నవ్వు వినలేదు నేను. అరవై రెండేళ్లకు, నచ్చిన మనిషిని పెళ్లి చేసుకుంటున్నానని ఇంట్లో చెప్పడానికి ఎంత గుండె కావాలి! అమ్మకు లేకపోయింది, నాకు లేకపోయింది. నీకుంది. ఫోన్ పెట్టేసి దేవుడి దగ్గర దీపం ముట్టించాను.

కానీ చివర్లో మెల్లగా ఒక మాటన్నావు, "ఇల్లు బాబు పేరున రాసిచ్చేస్తే వాడి కోపం పోతదేమో అక్కా" అని. అప్పటి నుంచి నాకు కన్ను మూతపడలేదు.

ముందు చిన్న సంగతులు చెప్పేస్తాను. ఫంక్షన్ హాలు వద్దు, రిజిస్టర్ మ్యారేజీ చాలన్నావు, మంచిదే. స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద చేసుకుంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, అది ఆఫీసులో అందరికీ కనపడేలా అంటిస్తారు. ఎవరో చూసి పిల్లలకు చెప్పేలోపు తేదీ నువ్వే చెప్పు. ఆయన పిల్లలకు ఆయన చెప్పాలి. నీ టీచరు పెన్షన్‌కు ఢోకా లేదు. మరిది తరఫున వచ్చే ఫ్యామిలీ పెన్షన్ మాత్రం మళ్లీ పెళ్లితో ఆగిపోతుంది, ట్రెజరీలో నువ్వే రాసివ్వు. ఇద్దరి మందుల చీటీలు ఒక్కచోట పెట్టుకోండి.

ఇక ఇల్లు.

నా కొత్తవాడ ఇల్లు పోయిందని నీకు తెలుసు, అసలు ఎందుకు పోయిందో తెలియదు. కొడుకు అప్పుల కోసం అమ్మామని ఊరందరికీ చెప్పినట్టే నీకూ చెప్పాను. ఇరవై ఏళ్లు దాచాను, ఇప్పుడు విను.

మీ బావతో కలిసి జంపఖానాలు నేసిన స్నేహితుడు ఒకాయన ఉండేవాడు, బక్కపలచగా, చెవిలో ఎప్పుడూ పెన్సిలు ముక్క. మీ బావ పోయాక కూడా నూలు లెక్కల పేరు చెప్పి వారానికి రెండుసార్లు సాయంత్రం వచ్చేవాడు. అరుగు మీద కూర్చుని చాయ్ తాగి పోయేవాడు. ఆయన భార్య అంతకు ముందే పోయింది. 2005 వానాకాలంలో ఒకరోజు గ్లాసు కింద పెడుతూ, "ఈ వయసుల మందుబిళ్ల యాది చేసే మనిషి ఒకరుంటే చాలు గదమ్మా" అన్నాడు. ఏం అడిగాడో నాకు తెలిసింది. యాభై రెండేళ్లదాన్ని, చేతులు వణికాయి. జవాబు చెప్పలేదు, అట్లని పొమ్మనీ అనలేదు. ఆ రాత్రి చాలాసేపు మగ్గం దగ్గర కూర్చున్నాను.

వారం తిరగకుండా కొడుకు అడిగాడు, "వాడకట్టు ఏమనుకుంటుందో నీకు తెలుసా అమ్మా?" అని. అరవలేదు, తల వంచుకుని అడిగాడు. అదే నన్ను చంపింది. నేను నీకు తల్లినే, ఇంకెవరికీ ఏమీ కానని వాడికి చూపించాలనిపించింది. ఎట్లా చూపించాలో తెలియక ఇల్లు రాసిచ్చాను. రిజిస్ట్రేషన్ ఆఫీసులో "ఇష్టపూర్వకంగానే ఇస్తున్నావా అమ్మా?" అని అడిగితే ఔనన్నాను. ఆ సాయంత్రమే ఆయనతో ఇక రావద్దని చెప్పాను. చాయ్ అయినా పోయలేదు.

మూడేళ్లకు వాడి వ్యాపారం దెబ్బతిన్నది, ఇల్లు అమ్మాడు. నన్ను అడగాల్సిన పనే లేదు, కాగితం వాడి పేరున ఉంది. మగ్గం కట్టెల కింద పోయింది. హైదరాబాద్‌లో వాళ్ల హాల్లో దివాన్ మీద ఏడేళ్లు పడుకున్నాను. చుట్టాలొస్తే నా పక్క చుట్టి మంచం కింద దాచేవాళ్లు. వాడు చెడ్డవాడు కాదు చెల్లే, వాడికి నేను బరువయ్యాను. తర్వాత బిడ్డ నన్ను ఇక్కడికి తెచ్చుకుంది. వచ్చిన మర్నాడే కొత్తవాడ పోయాను. ఆయన ఎప్పుడో బిడ్డ దగ్గరికి సిరిసిల్ల పోయాడట. ఇంతకన్నా అడగలేకపోయాను. ఉన్నాడో లేడో అడగడానికైనా ఏదో ఒక వరస ఉండాలి కదా, నాకు ఏ వరసా లేదు.

ముప్పై అయిదేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదానివి, ఈ లెక్క తప్పుతావా? ఇల్లు ఇచ్చి కొడుకు దగ్గర అనుమతి తీసుకుంటే, రేపు ఇంకోటి అడిగినప్పుడు ఏమిస్తావు? ఇవ్వాలని ఉంటే వీలునామా రాయి. ఇద్దరు సాక్షులు చాలు, నువ్వున్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. గిఫ్ట్ డీడ్ అట్లా కాదు, రాసిన రోజే ఇల్లు వాళ్లదైపోతుంది. 2007లో వృద్ధుల పోషణ చట్టం వచ్చింది, దాని 23వ సెక్షన్ కింద, చూసుకుంటామని ఇల్లు తీసుకుని చూసుకోకపోతే ఆ రాత రద్దు చేయించవచ్చు, ఆర్డీఓ దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. నేను వకీలును అడిగితే, మీ కాగితం చట్టం కంటే ముందుది, పైగా అందులో షరతే లేదన్నాడు. నువ్వు ఎప్పుడైనా రాయక తప్పకపోతే ఆ షరతు కాగితంలోనే రాయించు. కానీ రాయకు. ఈ పెళ్లి ముందు అసలే రాయకు.

కోప్పడుతున్నానని ఏడవకు. నిన్ను చంకన వేసుకుని బతుకమ్మ ఆడిన దాన్ని, నీ మీద కోపం నాకు పూట కూడా నిలవదు.

నీ కొడుకు గురించి ఒకటి చెప్పనా? ఇంట్లో వాళ్ల నాన్న ఫొటో గోడ మీంచి దిగుతుందేమోనని వాడి దిగులని నాకు అనిపిస్తుంది. చిన్నప్పుడు కూడా వాడు అసలు సంగతి చెప్పకుండా ఇంకోదాని మీద అలిగేవాడు. నువ్వే పో వాడి దగ్గరికి. సర్వపిండి చేసుకుపో, వాడికి గంజులో చేసిందే ఇష్టం. ఫొటో అక్కడే ఉంటుందని, నువ్వు చేసుకోబోయే ఆయనకు కూడా అదే ఇష్టమని చెప్పు. ఇంటి కాగితాలు మాత్రం బ్యాగులో పెట్టుకోకు. వాడు మాట్లాడకపోతే తిని, పడుకుని, పొద్దున వచ్చేయి. మళ్లీ నెలకు పో.

పెళ్లికి ముగ్గురు సాక్షులు కావాలి. అందులో ఒక సంతకం నాది. ఆధార్ జిరాక్స్ తీయించి పెట్టాను, తేదీ పది రోజుల ముందు చెప్పు, జాకెట్ కుట్టించుకోవాలి.

నీ అక్క