ఏటిగట్టు మీదుగా అంతర్వేదికి

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన మ్యాపు చూశాను. మీరు ముగ్గురూ సైకిళ్ళ మీద పాలకొల్లు నుంచి అంతర్వేదికి వెళ్ళడానికి ఫోను ఏ దారి చూపిస్తే అదే గీసేశావు. అందులో దిగమర్రు నుంచి నరసాపురం దాకా ఉన్నది 216 నంబరు హైవే. పక్కనుంచి లారీ వెళ్ళిన ప్రతిసారీ హ్యాండిల్ బిగబట్టుకుంటూ తొక్కేదానికి ఇంతదూరం రావడం దేనికి? కొత్తగా గీద్దాం.

డెల్టాలో దారి గీసేటప్పుడు ముందు రోడ్లు చూడకూడదు, నీళ్ళు దాటే చోట్లు చూడాలి. రోడ్లకేం, ఎన్నయినా ఉంటాయి. కాలువ మీద వంతెన, మురుగు కోడు మీద తూము, ఏటి మీద రేవు మాత్రం కొన్నే. ఉపగ్రహ చిత్రం పెద్దది చేసుకుని ముందు వాటికి చుక్కలు పెట్టు, ఆ తర్వాతే చుక్కలు కలుపు. మ్యాపులో గట్టు మీద దారి ఏకధాటిగా సాగినట్టే ఉంటుంది. తీరా వెళితే లాకుల దగ్గరో కోడు దగ్గరో తెగిపోతుంది, వెనక్కి తిరగాల్సి వస్తుంది. వంతెన ఉందో లేదో తేలనిచోట దారి గీయకు.

మీకు సరిపడే దారి ఇది. పాలకొల్లు నుంచి తూర్పుగా పల్లెదారుల్లో చించినాడ, సుమారు పది కిలోమీటర్లు. అక్కడ వంతెన ఎక్కకుండా గోదావరి పాయ వశిష్ఠ ఏటిగట్టు పట్టుకుని దక్షిణంగా నరసాపురం రేవుకి రండి. ఏరు దాటించే పంటు (బల్లకట్టు) మీద సఖినేటిపల్లి దిగితే అంతర్వేది అక్కడికి ఇంకో పన్నెండు, పదిహేను కిలోమీటర్లు. ఎడమ చేతివైపు కొబ్బరితోటలు, కుడిచేతివైపు ఏరు అని ఊహించుకోకు, నరసాపురం దాకా ఏరు ఎడమవైపే ఉంటుంది. కుడివైపుకి మారిందంటే ఎక్కడో తిరగబడ్డావన్నమాట.

గట్టు మీద వేగం గంటకి పన్నెండు కిలోమీటర్లు లెక్కేసుకో, అంతకు మించి వద్దు. గులకా గుంటలూ ఉంటాయి, ఎదురుగా ఎడ్లబండి వస్తే దిగి పక్కకి నిలబడాలి. పొద్దున్న అయిదున్నరకి బయల్దేరితే ఎండ ముదరకముందే రేవు దాటేస్తారు. తెల్లవారుజామున నేలమీది గాలి సముద్రం వైపు మెల్లగా తోస్తుంది, పదకొండు దాటాక సముద్రం గాలి లోపలికి వీస్తుంది. అంటే వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ గాలి వీపునే ఉంటుంది. ఎనిమిదింటికి లేచి బయల్దేరేవాడికి ఇది తలకిందులవుతుంది. ధనుర్మాసం రోజుల్లో మాత్రం ఈశాన్యపు గాలి తిరుగుదారిలో ముఖాన కొడుతుంది, అప్పుడు ఒక గంట ఎక్కువ పెట్టుకోండి.

ఏ నెల అంటే, సంక్రాంతి వెళ్ళాక రెండు మూడు వారాలు బాగుంటాయి. సార్వా కోతలప్పుడు గట్టంతా ధాన్యం ఆరబోస్తారు. దాని మీదుగా తొక్కకూడదు, పక్కనుంచి పోవడానికి చోటుండదు. మాఘమాసంలో రథసప్తమి నుంచి అంతర్వేది తీర్థం, భీష్మ ఏకాదశికి రథం. ఆ వారంలో సైకిలు కాదు, కాలు పెట్టే సందు కూడా ఉండదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి మాట వినాలి. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, పదమూడుకి రెండోది, పదిహేడుకి మూడోది. మొదటిది ఇచ్చేదాకా ఆగడం కూడా ఎక్కువే. ఏరు ఎర్రగా తిరిగి వడి పెరిగిందంటే పంటు ఉంటుందని నమ్ముకోకు.

పంటు తిరుగుతోందో లేదో, ఆఖరిది ఎన్నింటికో ముందురోజే రేవులో కనుక్కోండి. తిరుగు ప్రయాణం లెక్క ఆఖరి పంటు నుంచి కాదు, దాని ముందు దాని నుంచి వేసుకోవాలి. మోటారు సైకిళ్ళు ఎక్కాక మీరు ఎక్కండి, చివర ఎక్కితే ముందు దిగొచ్చు. సముద్రం పాటు మీద నీరు తీసినప్పుడు ఎక్కీ దిగే పలక ఏటవాలుగా ఉండి పాచి పట్టి జారుతుంది. దిగి నడిపించండి, ముందు బ్రేకు ముట్టుకోవద్దు. చిల్లర దగ్గర పెట్టుకోండి.

సైకిలు సంగతి. రైల్లో పార్సిలు వేస్తే పాలకొల్లుకి కాదు, నరసాపురానికి బుక్ చెయ్యి. అదే ఆఖరి స్టేషను కాబట్టి దింపడానికి తొందర ఉండదు. అక్కణ్ణించి ముందురోజు సాయంత్రం పాలకొల్లు తొక్కుకొస్తే ఆ పదీ పన్నెండు కిలోమీటర్లలోనే ఏది వదులుగా ఉందో తెలిసిపోతుంది.

టైరు 35 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. రోడ్డు మీద గాలి అరవై పీఎస్‌ఐ పెట్టేవాడివి గట్టు మీద యాభైకి దించు, లేకపోతే ప్రతి గులకా మోచేతులకి చేరుతుంది. పంచర్లు ఎక్కువగా సర్కారు తుమ్మ ముళ్ళ వల్ల. ముల్లు టైరులో ఉండగా ట్యూబు మారిస్తే పది నిమిషాల్లో మళ్ళీ దిగుతుంది. టైరు లోపలివైపు గుడ్డతో తుడుస్తూ వెతుకు, వేళ్ళతో కాదు. మనిషికి ఒక ట్యూబు, ముగ్గురికీ కలిపి ఒక పంపు, ప్యాచీలు, సొల్యూషను, 15 నంబరు స్పానరు. మీ సైకిళ్ళకి సన్న వాల్వు ఉంటే ఇత్తడి అడాప్టరు తప్పకుండా తెచ్చుకోండి. ఇక్కడి పంచరు షాపుల్లో కంప్రెసర్ మోటారు సైకిలు వాల్వుకే పడుతుంది. గాలి కొట్టేవాడికి నంబరు చెప్పి పక్కనే నిలబడు, లేకపోతే సైకిలు ట్యూబు పేలిపోతుంది.

వాన పడ్డాక చేల మధ్య మట్టి పుంతదారుల్లోకి దిగొద్దు. నల్లరేగడి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య చేరి బిగుసుకుంటే పుల్లతో గీకుతూ కూర్చోవాలి. చెరువుల దగ్గర రొయ్యల లారీలు కార్చిన నీళ్ళ మీద మలుపు తిప్పకండి. కాపలా కుక్కలు మీదికొస్తే తొక్కి పారిపోవద్దు. దిగి, సైకిలు మధ్యలో పెట్టుకుని నడిస్తే చెరువు దాటాక అవే ఆగిపోతాయి.

నీళ్ళు మనిషికి ముప్పావు లీటరు సీసాలు రెండు. నరసాపురంలోనే నింపుకోండి, ఏరు దాటాక సముద్రం దగ్గరయ్యేకొద్దీ చాలాచోట్ల బోరునీళ్ళు ఉప్పగా ఉంటాయి. తోవలో బొండాలు దొరుకుతాయి, కానీ అవి నీళ్ళకి బదులు కాదు.

అంతర్వేదిలో గుడి దగ్గర సైకిళ్ళకి తాళాలు వేసి అన్నాచెల్లెళ్ళ గట్టుకి నడిచి వెళ్ళండి. ఏరు సముద్రంలో కలిసేచోట ఈతకి దిగొద్దు. పైకి నిమ్మళంగా కనిపించినా పాటు సమయంలో నీరు లోపలికి లాగేస్తుంది, అమావాస్యకీ పౌర్ణమికీ ఇంకా ఎక్కువ. తడి ఇసుక మీద సైకిలు తొక్కి ఫొటోలు తీసుకోవాలని మీకు ఉంటుందని తెలుసు. ఆ ఇసుక గొలుసులో చేరితే ఇంటికొచ్చేదాకా కరకరలాడుతూనే ఉంటుంది.

ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, గొలుసుకి నూనె పెట్టాకే స్నానానికి వెళ్ళండి. పొద్దున చూద్దాంలే అనుకుంటే పొద్దునకి గొలుసు తుప్పు రంగు తిరిగి ఉంటుంది. నూనె డబ్బా వసారాలో గూట్లో ఉంటుంది.

ఇట్లు,
పెదనాన్న