వేడినీళ్లు ఎందుకు రాలేదో రాయి

అమ్మాయీ,

థాయ్‌లాండ్‌లోని ఫ్రే ఊరికి వెళ్లి హోటల్లో దిగిన సంగతి మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒకే చోట ఆగిపోయాను. "కౌంటర్లో కూర్చున్న పెద్దావిడ నా పాస్‌పోర్టు తీసుకుని అనుమానంగా పేజీలు తిప్పింది. ఫోను పెట్టి ఫోటో తీసింది. నేను పరాయిదాన్నని అప్పుడు తెలిసొచ్చింది" అని రాశావు. చదివి కోపం వచ్చింది. ఈ ఉత్తరం రాయడానికి అదే కారణం.

ఆవిడకి నీ మీద అనుమానం ఎందుకుంటుంది? థాయ్‌లాండ్‌లో 1979 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టం ఒకటుంది. దాని 38వ సెక్షన్ ప్రకారం విదేశీయులకి బస ఇచ్చినవాళ్లు 24 గంటల్లోగా ఆ సంగతి అధికారులకి తెలియజెయ్యాలి. టీఎం30 అని దానికో ఫారం. తెలియజెయ్యకపోతే జరిమానా కట్టేది హోటలువాళ్లే, నువ్వు కాదు. ఆవిడ పేజీలు తిప్పింది నీ ఎంట్రీ ముద్ర కోసం. ఎప్పుడు దిగావో, ఎప్పటిదాకా ఉండొచ్చో ఆ ముద్ర మీదే ఉంటుంది. అది ఏ పేజీలో కొట్టారో వెతుక్కోవాలి కదా. "ఫోటో ఎందుకండీ" అని ఒక్కమాట అడిగినా తెలిసిపోయేది. అడక్కుండా ఆవిడ మొహంలోకి అనుమానం తెచ్చిపెట్టావు, దాని మీద ఒంటరితనం గురించి పేరా కట్టావు. ఆ పేరా మొత్తం తీసెయ్. ఒక మనిషి మనసులో ఏముందో రాసేముందు ఆ మనిషి ఏ పని చేస్తోందో, ఎందుకు చేస్తోందో కనుక్కోవాలి. నేను నీకు చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. మిగతా ఉత్తరమంతా దీని గురించే.

ఊరి ఎంపిక బాగుంది. మనవాళ్లు పట్టయా, ఫుకెట్ దాటి రాయడం అరుదు. యోమ్ నది ఒడ్డున, పాత కోటగోడ లోపల టేకు ఇళ్లతో ఉండే ఫ్రే లాంటి ఊరు తెలుగులో కనబడడం నాకు సంతోషం.

కానీ ఆ ఊరికి ఎలా చేరావో నువ్వు రాసింది నమ్మబుద్ధి కావడం లేదు. బ్యాంకాక్ హువా లంఫోంగ్ స్టేషన్ కమానుల అందం మీద ఒక పేరా, వెంటనే "ఫ్రేలో రైలు దిగాను" అని ఇంకో పేరా. ఉత్తరాదికి వెళ్లే ఎక్స్‌ప్రెస్ రైళ్లు 2023 జనవరి 19 నుంచి బాంగ్ స్యూలో కట్టిన క్రుంగ్‌తేప్ అఫివత్ స్టేషన్ నుంచే బయల్దేరుతున్నాయి. చియాంగ్ మాయ్ వెళ్లే ఆ పాత లైను ఫ్రే ఊళ్లోకి రానే రాదు. దిగాల్సింది డెన్ చాయ్‌లో. అక్కణ్ణుంచి 20 కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు ప్రయాణం. వెనక రెండు బెంచీలు వేసిన పికప్ బండి, సాంగ్‌తేవ్, ఎక్కాలి. రైలు రాత్రిపూట చేరితే సాంగ్‌తేవ్ ఉండదు, బండి మాట్లాడుకోవాలి. ఇవన్నీ వద్దనుకునేవాళ్లు బ్యాంకాక్ మో చిత్ బస్టాండులో ఎక్కితే ఎనిమిది గంటలకి అటూ ఇటూగా ఫ్రే బస్టాండులోనే దిగుతారు. పాత ఊరు అక్కణ్ణుంచి నడిచే దూరం. నువ్వు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగావో అదే రాయి. ఇంకొకరి వ్యాసంలోంచి కమానులు తెచ్చి పెట్టుకోకు.

ఇక గది. "చిన్నదైనా శుభ్రంగా ఉంది. వేడినీళ్లు మాత్రం సరిగ్గా రాలేదు. ఆ ధరకి అంతకంటే ఏం ఆశిస్తాం!" ఈ మూడు వాక్యాలు ఏ దేశంలో ఏ లాడ్జి గురించైనా రాసెయ్యొచ్చు. వేడినీళ్లు ఎందుకు రాలేదు? బాత్రూం గోడకి బిగించిన తెల్లడబ్బా చూసే ఉంటావు. మన ఇళ్లలో 15 లీటర్ల గీజరులా అందులో నీళ్లు నిలవుండవు. పైపులోంచి పోతూపోతూ వేడెక్కాలి. డబ్బా మీద 3500 వాట్లనో 4500 వాట్లనో రాసి ఉంటుంది. 3500 వాట్ల హీటరు నిమిషానికి 3 లీటర్లు పోతుంటే నీటి వేడిని 17 డిగ్రీల దాకా పెంచగలదు. ట్యాపు పూర్తిగా తిప్పి 6 లీటర్లు పోనిస్తే పెరిగేది 8 డిగ్రీలే. చలికాలం పొద్దున ట్యాంకులో నీళ్లు 20 డిగ్రీలున్నాయనుకో. సన్నగా తిప్పినవాళ్లకి 37 డిగ్రీల నీళ్లు, ఒంటికి హాయి. ధారగా తిప్పినవాళ్లకి 28, వణుకు. నువ్వు రెండో రకం చేసి ఉంటావు. మరీ సన్నగా తిప్పినా లాభం లేదు. ధార ఒక మోతాదు కంటే తగ్గితే లోపలి స్విచ్ పడదు, హీటరు అసలు పనిచెయ్యదు. నాబ్‌ను ఎక్కువ వైపు తిప్పి, ట్యాపు కొంచెం కొంచెంగా తెరుస్తూ, డబ్బా మీద చిన్న లైటు వెలిగిన చోట ఆపాలి. లైటే వెలగకపోతే బ్రేకరు దించి ఉందేమో చూడాలి. చాలాచోట్ల అది బాత్రూం బయట గోడ మీద ఉంటుంది.

ఇంకో సంగతి, ఇది ప్రాణానికి సంబంధించింది. ఆ డబ్బా మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది. స్నానానికి ముందు, ఒళ్లు తడవకముందే, హీటరు ఆన్ చేసి దాన్ని నొక్కాలి. టక్కుమని ఆగిపోవాలి. ఆగకపోతే కరెంటు లీకైనప్పుడు తెంచే ఏర్పాటు చెడిపోయిందని అర్థం. ఆ హీటరు ముట్టుకోకుండా గది మార్చమని అడగాలి. చదివి ఆ ఊరు వెళ్లే పదిమందిలో ఒకరు నీ మాట గుర్తుపెట్టుకుని బటన్ నొక్కితే చాలు.

ఇలా రాస్తే వ్యాసం మాన్యువల్ అయిపోతుందేమోనని నీ ఉత్తరంలో భయపడ్డావు. ఈ భయం నీకు ఎవరు నేర్పారో నాకు తెలుసు. మన పత్రికల్లో కొందరు ఎడిటర్లకి అంకె కనబడితే చాలు, కొట్టేస్తారు. గది అద్దె, బస్సు టైము, డిపాజిట్టు అన్నీ కొట్టేసి మార్జిన్లో "అనుభూతి పెంచండి" అని రాస్తారు. నా రాతల్లోంచి అలా పోయిన అంకెలు నన్ను ఇప్పటికీ బాధపెడతాయి. ధరలు పాతబడతాయి కదా అంటారు. పాతబడనీ. నెల, ఏడాది వేసి రాస్తే పాత ధర కూడా పనికొస్తుంది. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామి మజిలీ మజిలీకీ దిగడానికి చోటుందా, నీళ్లున్నాయా, ఏ సామాన్లు దొరుకుతాయి అని రాసుకుంటూ పోయాడు. ఆ వివరాల వల్లే ఇవాళ ఆయన వెంట మనం నడవగలుగుతున్నాం. ఆయన దారిలో పోవాల్సిన తెలుగు యాత్రారచన ఇప్పుడు "నన్ను నేను వెతుక్కుంటూ" అనే ఫ్యాషన్లో పడి కొట్టుకుంటోంది. వెతుక్కునేవాళ్లని వెతుక్కోనీ. నువ్వు మాత్రం ముందు గది అద్దె రాయి.

అద్దె గురించి కొన్ని మాటలు. ఇలాంటి చిన్న ఊళ్లలో పాతకాలపు నాలుగంతస్తుల హోటళ్లు రెండు రేట్లు చెబుతాయి. ఫ్యాను గది 250 నుంచి 350 బాట్ దాకా, ఏసీ గది 400 నుంచి 600 దాకా. నువ్వు "చౌక" అని ఊరుకున్నావు. ఏ రేటుకి ఏ గది, ఏ అంతస్తు, ఏ నెల? ఈ నాలుగూ కలిస్తేనే చదివేవాళ్లకి ఉపయోగం. పైఅంతస్తు ఫ్యాను గది చవగ్గా వచ్చిందని ఏప్రిల్లో తీసుకుంటే పైకప్పు శ్లాబు పగలంతా పెనంలా కాగి, ఆ వేడిని అర్ధరాత్రి దాకా కిందికి వదులుతూనే ఉంటుంది. ఫ్యాను ఆ వేడిగాలినే మొహాన కొడుతుంది. మార్చిలో ఇంకో బాధ. ఉత్తర థాయ్‌లాండ్‌లో అప్పుడు పొలాలు, అడవులు తగలబెడతారు, ఊళ్లన్నీ పొగలో ఉంటాయి. ఫ్యాను గదికి కిటికీ తెరవక తప్పదు, తెరిస్తే పొగ. ఆ రెండు నెలలూ ఏసీకి ఇచ్చే ఇంకో 150 బాట్ దండగ కాదు. డిసెంబరు, జనవరుల్లో అయితే ఫ్యాను కూడా అక్కర్లేదు, దుప్పటి ఇంకోటి అడగాలి. రోడ్డు వైపు గదికి మోటారుసైకిళ్ల మోత, వెనకవైపు గదికి కోళ్లు, కుక్కలు. రెండో అంతస్తులో వెనకవైపు గది చూపించమని అడిగి, తలుపు తీయించి, కిటికీకి దోమల జాలి చిరిగిందేమో చూసి, ఆ తర్వాతే డబ్బు కట్టాలి. గది ముందు చూపించమంటే అక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. ఫ్యానుని "పత్‌లొమ్" అంటారు, ఏసీని "ఏ" అంటారు. వేళ్లతో రాత్రులు లెక్క చూపించి ఈ రెండు మాటల్లో ఒకటి అంటే బేరం కుదురుతుంది.

డబ్బు విషయంలో నువ్వు పడ్డ ఇబ్బందిని సగమే రాశావు. కౌంటర్లో క్యూఆర్ కోడ్ ఉన్నా నీ ఫోను పనిచెయ్యలేదని ఆశ్చర్యపోయావు. దాన్ని వాళ్లు ప్రధానంగా తమ దేశపు బ్యాంకు ఖాతాలవాళ్ల కోసం పెట్టుకున్నారు. నగదు దగ్గరుండాలి. విదేశీ కార్డుతో ఏటీఎంలో తీస్తే ప్రతిసారీ 220 బాట్ లేదా అంతకుమించి కోత పడుతుంది. వెయ్యి తీసినా అంతే, పదివేలు తీసినా అంతే. కాబట్టి బ్యాంకాక్‌లోనే ఒకేసారి తీసుకోవడం మేలు. తాళంచెవికి 100 బాట్లో, 200 బాట్లో డిపాజిట్టు అడుగుతారు. చెవి ఇచ్చేస్తే తిరిగిస్తారు. చిక్కల్లా తెల్లవారుజాము బస్సు పట్టుకునేవాళ్లకి. ఆ వేళకి కౌంటర్లో ఎవరూ ఉండకపోవచ్చు. ముందురోజు రాత్రే చెప్పి పెట్టుకోవాలి. రసీదు మీద 2568 అని తేదీ చూసి అచ్చుతప్పు అనుకున్నానన్నావు. అది బౌద్ధ శకం. 543 తీసేస్తే 2025.

తిండి దగ్గర నీ మీద మళ్లీ కోపం వచ్చింది. ప్రతూ చాయ్ కూడలిలో సాయంత్రం పెట్టే బళ్ల దగ్గర "పుల్లటి టమాటా పులుసులో సేమ్యా లాంటిది" తిన్నానని రాశావు. దాని పేరు ఖనోమ్ చీన్ నామ్ ఙియావ్. ఆ పులుసులో పంది మాంసం, గడ్డకట్టించిన రక్తం ముక్కలు ఉంటాయి. నీ వ్యాసం చదివి శాకాహారులెవరైనా టమాటా పులుసే కదా అని కూర్చుంటే ఆ పాపం నీది. పులుసులో గోధుమరంగు పుల్లల్లాంటివి కనబడి ఉంటాయి. అవి ఎండబెట్టిన బూరుగు పువ్వు కేసరాలు. మన ఊళ్లలో ఎండాకాలం ముందు ఎర్రగా పూసి రాలిపోయే ఆ పువ్వే. తెలుగు పాఠకులు గుర్తుపట్టగలిగిన వస్తువు గిన్నెలో ఉంది, నువ్వు చూడలేదు. శాకాహారులకి పసుపుపచ్చ జెండా మీద ఎర్ర అక్షరాలతో "జే" అని ఉన్న కొట్టు వెతుక్కోమని రాయి. మామూలు కొట్లో ఆకుకూర వేపుడులో కూడా చేపసాస్ పడుతుంది. రాత్రి తొందరగా తినెయ్యాలని కూడా రాయి. పెందలాడే బళ్లు సర్దేసే ఊరు అది.

ప్లగ్గులు, నీలిరంగు మో హోమ్ చొక్కాలు, 1902లో షాన్ జాతివాళ్లు చేసిన తిరుగుబాటు గురించి నువ్వు రాసినవి సరిగ్గానే ఉన్నాయి. అలాగే ఉంచు.

చివరికి ఒక్కమాట, నువ్వు ఆరేసుకున్న చొక్కా గురించి. వరండాలో దుప్పట్లు ఆరేస్తున్న పనిమనిషి చినుకు పడగానే తన దుప్పట్లతో పాటు నీ చొక్కా కూడా తీసి, తలుపు కొట్టి, మడతపెట్టి చేతికిచ్చిందని రాశావు. నీ వ్యాసంలో నన్ను కదిలించింది అదొక్కటే. దాన్ని ఒక్క వాక్యంలో తేల్చేసి, కింద నాలుగు వాక్యాలు మానవత్వం మీద రాశావు. ఆ నాలుగూ తీసేసి ఆ వరండా రాయి. తాడు ఏ కొసనుంచి ఏ కొసకి కట్టారు? ఎన్ని గదుల దుప్పట్లు ఆవిడ ఒక్కతే ఉతికేది? మిషనుందా, చేతులతోనా? వాన ఏ వేళకి వచ్చింది? నీ చొక్కా నీదేనని ఆవిడకి ఎలా తెలిసింది?

కలంపేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకి పంపాలి అని అడిగావు. అవి తర్వాత చూద్దాం. రసీదు, బస్సు టికెట్టు, ఫోన్లో ఉన్న గది ఫోటోలు ముందు పెట్టుకుని మళ్లీ రాయి. గుర్తులేని చోట ఖాళీ వదిలెయ్, కల్పించకు. దసరాలోపు పంపితే చూసి పెడతాను.

ఆశీస్సులతో