సబార్డినేట్: ఎవరి కింద, ఏ వరుసలో?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే మాట చుట్టూ తిరిగాయి. అందుకే ఈ పుట మొత్తం ఆ మాటకే ఇస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయికి డిప్యూటీ తహశీల్దారు ఉద్యోగం వచ్చింది. కాగితాల్లో ‘రెవెన్యూ సబార్డినేట్ సర్వీస్’ అని ఉంది. ఆఫీస్ సబార్డినేట్ అంటే అటెండరే కదా, ఇదేమిటని చుట్టాలు అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

రెండూ వేరమ్మా. ఒకటి సర్వీసు పేరు, ఇంకొకటి పోస్టు పేరు.

మన దగ్గర ప్రభుత్వ ఉద్యోగుల నియామకం, ప్రొబేషన్, సీనియారిటీ వంటివి చూసే మూల నియమాలు 1996 అక్టోబరు 15న జీవో 436గా వచ్చాయి. వాటి పేరే ‘స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్’. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వాటినే తనకు అన్వయించుకుంది. పెద్ద అధికారుల పోస్టులు స్టేట్ సర్వీసుల్లోకి వస్తాయి. వాటికి దిగువన ఉండేవి సబార్డినేట్ సర్వీసులు. డిప్యూటీ తహశీల్దారు అందులోనే ఉంటారు, పోలీసు శాఖలో ఎస్ఐ కూడా అంతే. స్టేషన్ మొత్తాన్ని నడిపే ఎస్ఐ సబార్డినేట్ సర్వీసు మనిషి అని చెబితే చాలామంది నమ్మరు. కానీ కాగితం మీద ఉన్నది అదే.

ఆఫీస్ సబార్డినేట్ అనేది లాస్ట్ గ్రేడ్ సర్వీసులోని పోస్టు. పూర్వం బంట్రోతు, ప్యూన్, అటెండర్ అన్న పనికే ఇప్పుడు ఆ పేరు రాస్తున్నారు. దీనివల్ల ఒక చిక్కు వచ్చింది. ‘మా ఆఫీసు సబార్డినేట్లు’ అంటే మామూలు ఇంగ్లిష్‌లో మీ కింద పనిచేసే వాళ్లందరూ. మన సర్కారు ఆఫీసులో అదే మాటకు ఒక్క పోస్టు వాళ్లే తడతారు. కాబట్టి దరఖాస్తుల్లో, పెళ్లి బయోడేటాలో సర్వీసు పేరు కాకుండా పోస్టు పేరే రాయండి: ‘డిప్యూటీ తహశీల్దారు, రెవెన్యూ శాఖ’. చుట్టాలకూ అంతే చెప్పండి.

మాట పుట్టుక కూడా ఇక్కడే చెప్పుకుందాం. లాటిన్‌లో ‘సబ్’ అంటే కింద, ‘ఓర్దో’ అంటే వరుస. వరుసలో కింద ఉన్నది సబార్డినేట్. ఆ మాటలో మనిషి విలువ ప్రసక్తి లేదు, చోటు ప్రసక్తే ఉంది. ఉర్దూలో దీనికి ‘మాతహత్’ అంటారు. అందులోని ‘తహత్’ అంటే కూడా కిందే. తెలుగులో ‘అధీన’, ‘దిగువ’, ‘కింది’ సరిపోతాయి. ‘ఉప’ మాత్రం చూసి వాడాలి. మనం సబ్‌కూ, డిప్యూటీకీ, వైస్‌కూ అన్నింటికీ ‘ఉప’ తగిలిస్తాం. వైస్ అంటే ‘బదులుగా’ అని అర్థం. ఉపరాష్ట్రపతి రాష్ట్రపతికి కింది ఉద్యోగి కాడు.

ప్రశ్న: సబార్డినేటా, సబార్డినట్టా? మా పాప టీచర్ ఒకటి చెబుతుంది, నేనొకటి చెబుతున్నాను.
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

రెండూ ఉన్నాయి. మనిషిని, లేదా ఒక వస్తువు స్థానాన్ని చెప్పేటప్పుడు చివరి అక్షరం తేలిపోతుంది: ‘సబార్డినట్’. ‘ఒకదాన్ని ఇంకోదాని వెనక్కి నెట్టు, లోబరుచు’ అనే క్రియగా వాడితే చివర గట్టిగా ‘నేట్’. ఒత్తు రెండు చోట్లా ‘బార్’ మీదే. గ్రాడ్యుయేట్, ఎస్టిమేట్, డెలిగేట్, అసోసియేట్ కూడా ఈ దారే. తెలుగులో మాట్లాడేటప్పుడు మాత్రం అందరం ‘సబార్డినేట్’ అనే అంటాం, అందులో తప్పేమీ లేదు.

ప్రశ్న: మెయిల్‌లో ‘షి ఈజ్ సీనియర్ దేన్ మీ’ అని రాస్తే మా మేనేజర్ దిద్దారు. సబార్డినేట్‌కు కూడా ఇదే సూత్రమా? రెజ్యూమేలో ‘సిక్స్ సబార్డినేట్స్’ అని రాయొచ్చా?
– ఒక ఉద్యోగిని, మాదాపూర్

‘ఆవిడ నాకంటే సీనియర్’ అని మనసులో అనుకుంటాం. ఆ ‘కంటే’ తిన్నగా ‘దేన్’ అయి కూర్చుంటుంది. ఈ తప్పు మన వాళ్లలో ఇంత ఎక్కువగా కనిపించడానికి కారణం అదే. సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్ అనేవి లాటిన్ నుంచి వచ్చిన మాటలు, వీటి తర్వాత ‘టు’ రావాలి. సబార్డినేట్ విశేషణంగా వచ్చినప్పుడూ ‘టు’నే: ‘దిస్ పోస్ట్ ఈజ్ సబార్డినేట్ టు ద తహశీల్దార్’. మనిషిని చెప్పే నామవాచకమైతే ‘హిజ్ సబార్డినేట్’, ‘ఎ సబార్డినేట్ ఆఫ్ హిజ్’. తెలుగులో ఆలోచించేటప్పుడే ‘కంటే’ బదులు ‘కు’ పెట్టి చూసుకోండి. ‘తహశీల్దారుకు అధీనం’ అనుకుంటే ‘టు’ దానంతటదే వస్తుంది.

‘మోర్ సుపీరియర్’ తప్పు. ‘ఎ మోర్ సీనియర్ ఆఫీసర్’ మాత్రం ఒప్పే. సీనియర్ ఇప్పుడు మామూలు విశేషణంలా కూడా నడుస్తోంది.

రెజ్యూమేలో ఆ మాట వద్దు. వ్యాకరణం తప్పని కాదు. పక్కన కూర్చుని పనిచేసేవాళ్ల గురించి అలా రాస్తే చదివేవారికి కటువుగా తగులుతుంది. ‘లెడ్ ఎ టీమ్ ఆఫ్ సిక్స్’ చాలు. హైటెక్ సిటీ అంతా వాడే ‘రిపోర్టీ’ మన దేశంలో అర్థమవుతుంది, బయటి దేశాల వాళ్లకు ‘డైరెక్ట్ రిపోర్ట్’ అంటేనే తెలుస్తుంది. తెలుగులోనూ ఎదుటివారికి పరిచయం చేసేటప్పుడు ‘మా కింద పనిచేస్తాడు’ కన్నా ‘మా టీములో ఉంటారు’ అనడం మేలు.

ప్రశ్న: షిఫ్ట్ మార్చమంటే కుదరదన్నానని ‘ఇన్‌సబార్డినేషన్’ అంటూ మెమో ఇచ్చారు. నేను ఎవరినీ ఒక్క మాట తూలలేదు. జవాబు ఎలా రాయాలి?
– ఒక పాఠకుడు, బాలానగర్

ఈ మాటను చాలామంది ‘అమర్యాద’ అనుకుంటారు. అమర్యాద వేరు, ఇది వేరు. 1946 నాటి కేంద్ర నియమాల్లోని మాదిరి స్టాండింగ్ ఆర్డర్లలో (పరిశ్రమల్లో ఉద్యోగ షరతుల నియమావళిలో) దుష్ప్రవర్తన జాబితా మొదలయ్యేదే దీనితో. అక్కడి మాటలు జాగ్రత్తగా చూడండి: పై అధికారి ఇచ్చిన, చట్టబద్ధమూ సహేతుకమూ అయిన ఆదేశాన్ని, కావాలని పాటించకపోవడం. అంటే ఆదేశం ఇచ్చింది ఎవరు, అది చట్టబద్ధమూ సబబూ అయినదేనా, మీరు బుద్ధిపూర్వకంగా కాదన్నారా అన్న మూడూ తేలాలి. మీరు మెత్తగా మాట్లాడారన్నది మంచిదే, కానీ దానితో ఆరోపణ పోదు. గట్టిగా మాట్లాడినంత మాత్రాన ఆరోపణ నిలవదు కూడా.

జవాబుకు ముందు మెమోలో గడువు ఎన్ని రోజులో చూసుకోండి. ఆదేశం నోటి మాటగా వచ్చిందా, కాగితం మీదా, ఏ తేదీన, ఎవరి నుంచి అన్నది తేల్చుకోండి. మెమోలో ఆ వివరాలు లేకపోతే ప్రతులు ఇమ్మని ముందు రాతపూర్వకంగా అడగండి. జవాబులో మెమోలోని పేరాల నంబర్లే వేసి ఒక్కోదానికి విడిగా రాయాలి. షిఫ్ట్ ఎందుకు కుదరలేదో కారణం చెప్పి, వైద్య కాగితమో మరొకటో ఉంటే జత చేయండి. ‘నిరాకరించాను’ అని రాయకండి. నిజంగా జరిగింది అదే అయితే, ‘ఫలానా ఇబ్బంది చెప్పి, మార్పు వాయిదా వేయమని కోరాను’ అని రాయండి. జరగనిది మాత్రం రాయొద్దు, విచారణలో అదే మెడకు చుట్టుకుంటుంది. ఇచ్చాక మీ ప్రతి మీద తేదీతో సంతకం, ముద్ర తీసుకోండి. క్షమాపణ రాసివ్వమని ఒత్తిడి తెస్తే, సంతకం పెట్టేలోగా యూనియన్ వాళ్లకో, కార్మిక చట్టాలు తెలిసిన లాయరుకో చూపించండి. అలాంటి కాగితాన్ని తర్వాత ఒప్పుకోలుగా చదువుతారు.

ప్రశ్న: సబార్డినేట్ కోర్టు అంటే కింది కోర్టేనా? పదో తరగతి గ్రామర్లో సబార్డినేట్ క్లాజ్‌కూ దీనికీ సంబంధం ఉందా?
– ఒక విద్యార్థి, నల్లకుంట

రాజ్యాంగం ఆరో భాగం ఆరో అధ్యాయానికి పేరే ‘సబార్డినేట్ కోర్ట్స్’, 233 నుంచి 237 వరకు అధికరణలు. పురానీ హవేలీ, నాంపల్లి కోర్టుల మీద పరిపాలనా అజమాయిషీ హైకోర్టుది, అక్కడి తీర్పు మీద అప్పీలు పై కోర్టుకు వెళుతుంది. కింద ఉండటమంటే అంతవరకే. నడుస్తున్న కేసులో ఫలానా విధంగా తీర్పు ఇవ్వమని పైనుంచి చెప్పడానికి లేదు. మన దగ్గర పూర్వం ‘సబార్డినేట్ జడ్జి’ అన్న పోస్టు ఇప్పుడు సీనియర్ సివిల్ జడ్జి. పెద్దవాళ్లు ఇంకా ‘సబ్ కోర్టు’ అంటుంటే అది ఆ పాత పేరే. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ట్రయల్ కోర్టులను ‘లోయర్ కోర్టులు’ అనడం మానమని తన రిజిస్ట్రీకి చెప్పింది. నువ్వు కూడా ట్రయల్ కోర్టు, జిల్లా కోర్టు అని రాయి.

క్లాజ్ విషయంలోనూ అదే వరుస. ‘వాన తగ్గాక బయల్దేరదాం’లో ‘బయల్దేరదాం’ ఒంటరిగా నిలుస్తుంది, ‘వాన తగ్గాక’ నిలవదు. నిలవనిది సబార్డినేట్ క్లాజ్, తెలుగులో ఉపవాక్యం. మన పిల్లలు ఎక్కువగా మార్కులు పోగొట్టుకునేది ఇక్కడ: ‘సిన్స్ ఐ హాడ్ ఫీవర్, సో ఐ డిడ్ నాట్ కమ్’. ‘జ్వరం వచ్చింది కాబట్టి రాలేదు’లో కలిపే మాట ఒక్కటే, నడుమ ఉంటుంది. టీచర్ చెప్పిన ‘సిన్స్’ మొదట్లో పెట్టి, అలవాటైన ‘కాబట్టి’ని ‘సో’గా మధ్యలో కూడా పెడతారు. రెండిట్లో ఒకటి కొట్టేయి. ‘ఆల్దో’ వేసినచోట ‘బట్’ కూడా అంతే.