స్టేషన్‌లో కొట్టారని ఫిర్యాదు రాసేముందు

బాబూ కిరణ్,

నీ వాయిస్ మెసేజ్‌లన్నీ విన్నాను. వెహికల్ చెకింగ్ దగ్గర మాటా మాటా పెరిగితే స్టేషన్‌కి తీసుకెళ్ళి, కొట్టి, తెల్లారేదాకా బెంచీ మీద కూర్చోబెట్టి, ఏ కాగితమూ లేకుండా పంపేశారంటే అది చిన్న విషయం కాదు, నీ కోపం న్యాయమే. ఆ ఎస్సై పేరు ఫేస్‌బుక్‌లో పెడతానన్నావు చూడు, అది మాత్రం ఇప్పుడే వద్దు. ముందు గవర్నమెంట్ ఆసుపత్రికి వెళ్ళు. ఇవాళే.

క్యాజువాలిటీలో డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న "ఎలా తగిలింది?" అని. కోర్టులో ఇన్నేళ్ళూ నేను చూసింది ఏమిటంటే, సగం కేసులు అక్కడే పోతాయి. పోలీసుల పేరెత్తితే మళ్ళీ ఏం ముంచుకొస్తుందోనన్న భయంతో "బండి మీంచి పడ్డానండీ" అనేస్తారు, ఆయన అదే రాసేస్తాడు. ఆర్నెల్ల తర్వాత నువ్వు ఎంత నిజం చెప్పినా అవతలి లాయరు ఆ ఒక్క వాక్యం తీసి చదువుతాడు. అందుకని పోలీసులు కొట్టారనే చెప్పు, అలాగే రాయించు, ఎంఎల్‌సీ (పోలీసు కేసుకి సంబంధించిన గాయమని ఆసుపత్రి రాసుకునే మెడికో-లీగల్ కేసు) నంబర్ అడిగి రాసుకో. కమిలిన చోట రోజుకో రంగు తిరుగుతుంది కాబట్టి రోజూ ఫోటో తియ్యి. వాట్సాప్‌లో పంపితే తీసిన తేదీ, టైము వివరాలు పోతాయి, ఒరిజినల్స్ ఫోన్లోనే ఉంచు.

రెండో పని సీసీ కెమెరా. 2020 డిసెంబర్‌లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లోనూ లాకప్, వరండా, రిసెప్షన్, ఎస్సై గదితో సహా కెమెరాలుండాలని, రికార్డింగ్ 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది దాచాలని చెప్పింది. "ఆ రోజు కెమెరా పని చెయ్యలేదు" అనే జవాబు రావచ్చు, అయినా సరే ఫలానా తేదీ, ఫలానా టైము నుంచి ఫలానా టైము దాకా ఫుటేజ్ భద్రపరచమని ఎస్‌హెచ్‌వోకీ (స్టేషన్ ఇన్‌ఛార్జ్ అధికారి) ఎస్పీకీ వెంటనే స్పీడ్ పోస్ట్‌లో పంపు. అడిగిన రుజువు నీ దగ్గరుంటే, లేదని చెప్పాల్సిన బాధ్యత వాళ్ళ మీద పడుతుంది. ఎదురుగా టీకొట్టుకో మెడికల్ షాపుకో కెమెరా ఉంటే ముందు అక్కడికెళ్ళు, వాళ్ళ రికార్డింగ్ కొద్ది రోజుల్లోనే చెరిగిపోతుంది.

ఇక ఫిర్యాదు. "అమానుషంగా చావబాదారు" అని రాయకు. ఆ మాట చదివే ఆఫీసరుకి ఏమీ చెప్పదు. "రాత్రి 11 దాటాక స్టేషన్‌కి తీసుకెళ్ళారు, రెండు నక్షత్రాల యూనిఫాంలో ఉన్న అధికారి కుడి చెంప మీద రెండుసార్లు చేత్తో, ఎడమ పిక్క మీద లాఠీతో కొట్టారు, పక్కన కళ్ళద్దాల కానిస్టేబుల్ ఒకరున్నారు" అని రాయి. నేమ్‌ప్లేట్ చూసి ఉంటే పేరు, లేకపోతే పోలికలు, జీపు నంబర్. అన్న మాటలు అన్నట్టే రాయి. చెకింగ్ దగ్గర నువ్వు గొంతు పెంచావన్నావు కదా, అది కూడా రాసెయ్యి. నువ్వు దాచి వాళ్ళు బయటపెడితే మిగతాదంతా అబద్ధంలా కనిపిస్తుంది. జరగనిది ఒక్క దెబ్బ కూడా కలపకు.

ఎవరికివ్వాలన్నదే అసలు సంగతి. సోమవారం ఎస్పీ ఆఫీసులో పీజీఆర్‌ఎస్, అంటే ప్రజల ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం ఉంటుంది, అక్కడ చేతికిచ్చి రశీదు తీసుకో. ఇవ్వాల్సిందే, కాకపోతే అక్కడితో ఆగిపోకు. ఎస్పీగారు దాన్ని డీఎస్పీకి రాస్తారు, డీఎస్పీ సీఐకి రాస్తారు, ఆ సీఐ రోజూ కలిసి పనిచేసేది ఆ ఎస్సైతోనే. సీఐ మంచివాడే కావచ్చు, అలాంటివాళ్ళని చూశాను కూడా, కానీ ఒకే ఇంట్లో విచారణ ఒకే ఇంట్లో తీర్పు అయితే జనానికి నమ్మకం ఎలా కుదురుతుంది? సరిగ్గా అందుకే 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పోలీసు కంప్లయింట్స్ అథారిటీలు పెట్టమంది. డీఎస్పీ స్థాయి వరకు ఫిర్యాదులకి రిటైర్డ్ జిల్లా జడ్జి అధ్యక్షతన జిల్లా అథారిటీ, ఎస్పీ అంతకు పైవాళ్ళకి రిటైర్డ్ హైకోర్టు లేదా సుప్రీంకోర్టు జడ్జితో రాష్ట్ర అథారిటీ. ఇన్నేళ్ళయినా చాలా రాష్ట్రాల్లో అవి కాగితం మీదో ఖాళీ కుర్చీలతోనో ఉన్నాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో 2021లో చైర్మన్‌ని వేస్తే ఆ నియామకమే హైకోర్టుకెక్కింది. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది, ఎందుకంటే ఫిర్యాదు చేసేవాడికి కావలసిందల్లా యూనిఫాం లేని మనిషి ఒకడు కూర్చుని వినడం. అయినా ఆ అథారిటీ పేరున కూడా ఒక కాపీ పంపు.

మానవ హక్కుల కమిషన్‌కి తప్పకుండా రాయి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, తెలుగులో రాయొచ్చు, ఘటన జరిగిన ఏడాదిలోపు వెళ్ళాలి. రాష్ట్ర కమిషన్‌కీ ఢిల్లీకీ రెండు చోట్లా పెట్టకు, రాష్ట్ర కమిషన్ ముందున్నదాన్ని జాతీయ కమిషన్ విచారించదు. కమిషన్ సిఫార్సు మాత్రమే చేస్తుందని పెదవి విరిచేవాళ్ళుంటారు. అక్కణ్ణుంచి నోటీసు వస్తే ఎస్పీ రిపోర్టు పంపాలి, ఆ రిపోర్టు మీద నీ జవాబు రాసుకోవచ్చు, అది చిన్న సంగతేం కాదు.

రాత్రంతా అక్రమంగా ఆపడం కాగ్నిజబుల్ నేరమే, అంటే మెజిస్ట్రేట్ అనుమతి లేకుండానే పోలీసులు కేసు కట్టాల్సినది, ఎఫ్‌ఐఆర్ కట్టమని అడుగు. కట్టకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపాక బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) 175వ సెక్షన్ కింద మెజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఆ పిటిషన్ సంగతి నేను చూసుకుంటాను.

ఈలోగా ఫోన్లొస్తాయి. "ఓసారి రా, మాట్లాడుకుందాం" అంటారు, ఊళ్ళో పెద్దమనిషిని ఇంటికి పంపిస్తారు, డ్యూటీకి అడ్డుపడ్డావని నీ మీదే కేసు కడతామని కూడా అనొచ్చు. ఒంటరిగా వెళ్ళకు, అక్కడ అరవకు. విచారణకు పిలిస్తే నీ స్టేట్‌మెంట్‌ని స్టేషన్ రైటర్ రాస్తాడు, నువ్వు చెప్పేదొకటి కాగితం మీద పడేదొకటి కావచ్చు, కాబట్టి మొత్తం చదివాకే, తప్పుంటే దిద్దించాకే ఒప్పుకో. ఖాళీ కాగితం మీద సంతకం ససేమిరా వద్దు. "విచారణలో ఆరోపణలు రుజువు కాలేదు" అని ఒక లైను వచ్చి ఫైలు మూసేస్తే, విచారణ రిపోర్టు కాపీ కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టు.

ఆ ఎస్సైని వీఆర్‌కి (పోస్టింగ్ లేకుండా ఉంచే వేకెన్సీ రిజర్వ్‌కి) పంపారని ఎవరైనా చెబితే గెలిచామనుకోకు. వీఆర్ శిక్ష కాదు, గొడవ చల్లారాక ఇంకో స్టేషన్‌లో పోస్టింగ్ ఇస్తారు. ఛార్జ్ మెమో (అతని మీద ఆరోపణల పత్రం) ఇచ్చారా, శాఖాపరమైన విచారణ మొదలైందా అని అడుగు, అందులో నిన్ను సాక్షిగా పిలిస్తే తప్పక వెళ్ళు.

డ్రాఫ్ట్ చేత్తోనే రాసి ఫోటో పంపు, రాత్రికి దిద్ది పంపిస్తాను. ఆసుపత్రికి మీ నాన్నని వెంటబెట్టుకుని వెళ్ళు.

మీ బాబాయి