టెక్ సందేహాలు: ఎయిర్ పంప్ మళ్లీ మళ్లీ ఎందుకు పోతోంది?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ జర్మన్ పెట్రోల్ కారు కొన్నాను. చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే స్కానర్ పెట్టి చూసి, సెకండరీ ఎయిర్ పంప్ పోయిందన్నారు. కొత్తది వేయించాను. ఏడాది తిరక్కుండానే అదీ పోయింది. ఇప్పుడు మూడోది వేయాలంటున్నారు. పార్టు నాసిరకమా? అసలు పంపు లేకుండా నడపొచ్చా?

జవాబు: మూడో పంపు ఇప్పుడే కొనకండి. వరుసగా రెండు పంపులు పోయాయంటే ముందు అనుమానించాల్సింది పంపును కాదు, దాని తర్వాత ఉండే, గాలిని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్‌ని.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే పెట్రోల్ పూర్తిగా కాలదు. అందుకే ఈ పంపు మొదటి ఒకటి రెండు నిమిషాలు పొగ దారిలోకి బయటి గాలిని ఊదుతుంది. మిగిలిన ఇంధనం అక్కడ కాలిపోతుంది, పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ తొందరగా వేడెక్కుతుంది. ఆ తర్వాత పంపు ఆగాలి, వాల్వ్ గట్టిగా మూసుకోవాలి. వాల్వ్ సరిగా మూసుకోకపోతే పొగ వెనక్కి వచ్చి పంపులోకి చేరుతుంది. పొగతో పాటు నీరు కూడా వస్తుంది. లీటరు పెట్రోల్ కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుందని చాలామందికి తెలియదు. ఆ తేమ పంపులో చేరి మోటారును తుప్పు పట్టిస్తుంది. కొత్త పంపు వేసి పాత వాల్వ్ వదిలేస్తే జరిగేది ఇదే. మీది కూడా ఇదే కథ అని నా గట్టి అనుమానం.

చూసుకోవడం కష్టం కాదు. ఇంజిన్ చల్లారాక పంపు నుంచి వాల్వ్‌కి వెళ్లే గొట్టం ఊడదీయించండి. లోపల మసి, తడి కనిపిస్తే దొంగ దొరికినట్టే. పాత పంపు ఇంకా షెడ్డులోనే ఉంటే దాన్ని వంచి చూడండి, నీళ్లు కారినా ఆశ్చర్యం లేదు.

వాల్వ్ బాగానే ఉంటే రిలే, అంటే పంపుకు కరెంటు ఇచ్చే స్విచ్, చూడాలి. రిలే అతుక్కుపోతే పంపు ఆగకుండా తిరిగి కాలిపోతుంది. ఇది ఆగకుండా చాలాసేపు తిరగడానికి చేసిన మోటారు కాదు. స్టార్ట్ చేసిన చాలాసేపటికి కూడా బానెట్ కింద వాక్యూమ్ క్లీనర్ లాంటి హోరు వినిపిస్తుంటే అదే కారణం. స్కానర్‌లో పి0418 అనే కోడ్ వస్తే రిలే సర్క్యూట్ వైపు వెళ్లండి. పి0411 అంటే గాలి సరిగా పోవడం లేదని మాత్రమే అర్థం. పగిలిన గొట్టం, మూసుకుపోయిన దారి, తెరుచుకోని వాల్వ్, ఏదైనా కావచ్చు. దాన్ని చూసి ‘పంపు పోయింది’ అని తేల్చడం తొందరపాటు.

ఇంకో సంగతి. పంపు తిరుగుతోందో లేదో చూసే పరీక్ష తెల్లవారుజామున చేయించండి. మన మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారులో ఇంజిన్ అప్పటికే వేడిగా ఉంటుంది, కంప్యూటర్ పంపును అసలు తిప్పకపోవచ్చు. అది చూసి పంపు చచ్చిందనుకునే ప్రమాదం ఉంది.

పంపు లేకున్నా కారు నడుస్తుంది. ఇంజిన్ వేడెక్కాక కొలుస్తారు కాబట్టి పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా రావచ్చు. అయినా నేను వద్దనే అంటాను. పొద్దున వచ్చే ఆ మురికి పొగ మన వాకిట్లోనే, మన పిల్లల ముందే వదులుతున్నాం. పైగా లైట్ ఎప్పుడూ వెలుగుతూ ఉంటే రేపు నిజంగా పెద్ద తప్పు వచ్చినా మీకు తెలియదు. ‘సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్ చేస్తాం’ అనేవాళ్లకు డబ్బులివ్వకండి. వాల్వ్‌దే తప్పని తేలితే వాల్వ్, పంపు కలిపి మార్పించండి, ఫ్యూజ్, రిలే ఒకసారి చూపించండి.

ప్రశ్న: నల్గొండలో చదువుకుంటున్నాను. నా బైక్‌కి కూడా ఇలాంటి గాలి గొట్టం ఉంది. యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో టప్ టప్ మంటోంది. గొట్టం మూసేయమంటున్నారు.

జవాబు: మూయకండి. బైకుల్లో సాధారణంగా మోటారు ఉండదు. పొగ వెళ్లేటప్పుడు పుట్టే ఒత్తిడి తేడాతోనే ఒక చిన్న రీడ్ వాల్వ్ గాలిని లోపలికి వదులుతుంది. చాలా బైకుల్లో యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఆ గాలి ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. అది పనిచేయకపోతే ఈ చప్పుడు వస్తుంది. ముందు సైలెన్సర్ ఇంజిన్‌కి కలిసే చోట గ్యాస్కెట్ లీకవుతోందేమో చూపించండి, తర్వాత ఆ వాల్వ్.